బ్లాక్ చేస్తే చేశామని చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం,

ఇంటర్నెట్ కేఫుల్లో ఫిల్టర్లు (చూడకూడని సైట్లు రాకుండా ఆపే సాఫ్ట్‌వేర్లు) ఇంకా గట్టిగా పెట్టాలి, పిల్లలు పాడైపోతున్నారు అని ఈమధ్య మీ పేజీలో వచ్చిన ఉత్తరం చదివానండి. రాసినవాళ్ళ బాధ అర్థమవుతుంది, పదేళ్ళ పిల్లాడు పక్క కంప్యూటర్ తెరమీద చూడకూడనిది చూస్తే ఏ తల్లికైనా తండ్రికైనా కడుపు మండుతుంది, అందులో వాదనే లేదు. కానీ ఆ ఉత్తరం చదివితే ఫిల్టర్ అంటే ఏదో దోమతెర లాంటిది, దోమని ఆపి గాలిని వదిలేస్తుంది అన్నట్టుంది. అదెలా పనిచేస్తుంది, ఎవరు నడుపుతారు, అది తప్పు చేస్తే ఎవర్ని అడగాలి అన్నది మాత్రం ఎవరూ మాట్లాడట్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

అసలు ఈరోజుల్లో కేఫ్‌కి వచ్చేది ఎవరో చూడండి. ఇంట్లో కనెక్షన్, చేతిలో మంచి ఫోన్ ఉన్నవాళ్ళు ఎలాగూ రారు. అప్లికేషన్ పెట్టుకోవాల్సినవాళ్ళు, ప్రింట్ కావాల్సినవాళ్ళు, పని కోసం దూరం నుంచి వచ్చి ఉంటున్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళ ముందు అడగలేని ప్రశ్నకి జవాబు వెతుక్కునేవాళ్ళు, వీళ్ళే వస్తారు. మిగతావాళ్ళకి ఒక సైట్ రాకపోతే ఇంకో ఫోన్లోనో ఇంకో నెట్‌వర్క్‌లోనో చూసుకుంటారు, వీళ్ళకి ఆ గంటసేపు ఆ కంప్యూటరే మొత్తం ఇంటర్నెట్, అందులో కనిపించనిది ఇక లోకంలో లేనట్టే. అందుకే ఇంట్లో తల్లిదండ్రులు పెట్టుకునే ఫిల్టర్‌నీ కేఫ్‌లో పెట్టే ఫిల్టర్‌నీ ఒకే గాటన కట్టకూడదంటాను.

ఇక ఫిల్టర్ సంగతి. దాన్ని అమ్మే కంపెనీ లక్షల కొద్దీ సైట్లని రకరకాలుగా విడగొట్టి పెట్టుకుంటుంది, అడల్ట్, జూదం, డ్రగ్స్, చాటింగ్, ఆరోగ్యం, రాజకీయాలు, ఇలా. కేఫ్ ఓనర్ చేసేదల్లా ఆ పేర్ల పక్కన టిక్కులు పెట్టడమే, చాలాచోట్ల అదీ ఉండదు, ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏది వస్తే అదే అలా నడిచిపోతుంటుంది. ఏ సైట్ ఏ రకంలో పడిందన్న లిస్టు కంపెనీ వ్యాపార రహస్యం, మొత్తంగా ఎవరికీ చూపించదు. మీరు కౌంటర్ దగ్గరకెళ్ళి ఈ సైట్ ఎందుకు రావట్లేదండీ అంటే "నెట్ ప్రాబ్లం అండీ" అంటాడు, అబద్ధం చెప్తున్నాడని కాదు, అతనికీ నిజంగా తెలీదు. తెలీకుండానే అతను మనం ఏం చదవొచ్చో నిర్ణయిస్తున్నాడు, ఇంకా చెప్పాలంటే ఎక్కడో ఉన్న కంపెనీ నిర్ణయిస్తుంటే ఇతను దానికి కరెంటు బిల్లు కడుతున్నాడు.

ఈ మెషీన్లు తప్పులు చేస్తాయా అంటే మొదట్నుంచీ చేస్తూనే ఉన్నాయి. 1996లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ అనే ఊరివాళ్ళని అకౌంట్ తెరవనివ్వలేదు, ఊరిపేరు స్పెల్లింగ్ మధ్యలో ఒక బూతుమాట అక్షరాలు వరసగా పడ్డాయని. ఇప్పటికి టెక్నాలజీ చాలా మారింది, నిజమే, కానీ రొమ్ము క్యాన్సర్ గురించీ గర్భనిరోధకాల గురించీ హెచ్ఐవీ గురించీ రాసిన పేజీలు అడల్ట్ కింద పడిపోవడం అన్నది ఫిల్టర్లకి పాతకాలం నుంచీ ఉన్న జబ్బు, పూర్తిగా పోలేదు. 2009లో చైనా ప్రభుత్వం గ్రీన్ డ్యామ్ అనే సాఫ్ట్‌వేర్‌ని జులై 1 నుంచి అమ్మే ప్రతి కంప్యూటర్‌తో పాటు ఇవ్వాలంది, పిల్లల్ని బూతుబొమ్మల నుంచి కాపాడటానికే అని చెప్పింది. మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని విప్పి చూస్తే అందులో రాజకీయ మాటల లిస్టు కూడా బయటపడింది, పైగా ఏ వెబ్‌సైట్ అయినా దాని ద్వారా ఆ కంప్యూటర్‌ని చేతుల్లోకి తీసుకోగలిగేంత పెద్ద లొసుగులు కనిపించాయి. గోల పెరిగాక ఇళ్ళల్లో కంప్యూటర్లకి తప్పనిసరి కాదన్నారు. స్కూళ్ళకీ ఇంటర్నెట్ కేఫులకీ మాత్రం ఉంటుందన్నారు! సొంత కంప్యూటర్ ఉన్నవాడికి మినహాయింపు, లేనివాడికి కాపలా, నాకు అన్నిటికన్నా బాధేసేది ఇదే.

ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ (మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే పద్ధతి) మీదే నడుస్తున్నాయి కదా, అంటే మధ్యలో కూర్చున్న ఫిల్టర్‌కి మామూలుగా సైట్ పేరు మాత్రమే తెలుస్తుంది, లోపల ఏ పేజీ చదువుతున్నారో తెలీదు. దానివల్ల ఒక పేజీ ఆపాలంటే మొత్తం సైటే ఆపాల్సొస్తుంది. అలా కాదు లోపల కూడా చూడాలి అనుకుంటే కేఫ్ కంప్యూటర్లలో ఫిల్టర్ కంపెనీ తన సొంత సర్టిఫికెట్ (ఈ సైట్ నిజమైనదే అని బ్రౌజర్‌ని నమ్మించే డిజిటల్ గుర్తింపు) ఎక్కిస్తుంది, అప్పుడు బ్రౌజర్లో తాళం గుర్తు మామూలుగానే కనిపిస్తుంది కానీ మీరు కొట్టే బ్యాంక్ పాస్‌వర్డ్, మెయిల్, అన్నీ మధ్యలో విప్పి చూసి మళ్ళీ మూసి పంపుతుంది. అదంతా ఎక్కడైనా దాచుకుంటుందా లేదా అన్నది ఆ కంపెనీ నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది. పిల్లల కోసం అని పెట్టినది పెద్దవాళ్ళ ఉత్తరాలు విప్పి చూసేదాకా వెళ్ళొచ్చన్నమాట, కూర్చున్నవాళ్ళకి ఒక్క మాట చెప్పకుండా.

నా అసలు కంప్లైంట్ ఈ చెప్పకపోవడం మీదే. బ్లాక్ చేయడం ఒక ఎత్తు, బ్లాక్ చేసి చేయనట్టు నటించడం ఇంకో ఎత్తు. ట్యునీషియాలో 2011 దాకా ప్రభుత్వం ఆపేసిన సైట్ తెరిస్తే ఆపేశామని రాదు, 404, పేజీ దొరకలేదు అని వచ్చేది, జనం విసిగిపోయి ఆ కనిపించని సెన్సార్ అధికారికి అమ్మార్ 404 అని పేరు పెట్టుకున్నారు. బ్రిటన్‌లో 2008 డిసెంబర్‌లో ఒక పాత మ్యూజిక్ ఆల్బమ్ అట్టమీది బొమ్మ గురించి పిల్లల మీద లైంగిక హింస బొమ్మలున్న పేజీల లిస్టు తయారుచేసే ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ అనే సంస్థ వికీపీడియా పేజీ ఒకటి తన లిస్టులో వేసింది, కొన్ని ఇంటర్నెట్ కంపెనీల కస్టమర్లకి అక్కడా అదే దొంగ 404 వచ్చింది, పైగా చాలామందికి వికీపీడియాలో ఏమీ ఎడిట్ చేయడానికి కూడా కుదర్లేదు, కొద్దిరోజులకి వాళ్ళే ఆ పేజీని లిస్టులోంచి తీసేశారు. అదైనా ఎలా బయటపడింది, వికీపీడియా అంత పెద్దది కాబట్టి, లక్షలమంది ఒకేసారి ఇదేంటి అని అడిగారు కాబట్టి. అదే ఒక చిన్న ఆరోగ్య సైటో ఒక చిన్న సంఘం సైటో అయితే ఎవరు పట్టించుకునేవాళ్ళు? చట్టపరమైన కారణాలతో ఆపినప్పుడు ఆ మాట నిజాయితీగా చెప్పడానికి 2016లో 451 అనే కోడ్‌ని ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేర్చారు కూడా, అంటే దారి లేక కాదు, వాడట్లేదు అంతే.

కేఫ్ ఓనర్ల వైపు నుంచి కూడా చెప్పాలి. వాళ్ళు భయంతో బతుకుతున్నారు. ఇటలీలో 2005లో తెచ్చిన డిక్రీ కేఫ్‌కి వచ్చినవాళ్ళ గుర్తింపు కాగితాలు చూసి రాసుకోమంది, భారతదేశంలో 2011 సైబర్ కేఫ్ రూల్స్ కూడా గుర్తింపు కార్డు చూడమంటాయి, రిజిస్టర్లు ఏడాది దాచమంటాయి, అశ్లీల సైట్లు రాకుండా ఫిల్టర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చంటాయి. పొరపాటున ఏదైనా ఆపకపోతే కేసు ఓనర్ మీదకొస్తుంది, అవసరం లేనిది ఆపితే మాత్రం ఎవరూ ఏమీ అనరు, అలాంటప్పుడు ఎవరైనా ఎక్కువే ఆపుతారు, అది మనిషి స్వభావం. వీడియో సైట్లు నెట్ తినేస్తాయని ఆపేవాళ్ళూ ఉన్నారు, అది అతని ఖర్చు విషయం, అందులో తప్పేం లేదు, కానీ అదే మాట గోడమీద రాసిపెడితే పోతుంది కదా.

ప్రభుత్వం ఆర్డరిచ్చి ఆపించే సైట్లు వేరే కథ, అక్కడ రహస్యం ఇంకా ఎక్కువ. భారత్‌లో 2009 బ్లాకింగ్ రూల్స్‌లో ఫిర్యాదులూ చర్యలూ గోప్యంగా ఉంచాలని రాసే ఉంది, 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో ఆన్‌లైన్ రాతలకి శిక్ష వేసే 66ఏ సెక్షన్‌ని కొట్టేసినప్పుడు కూడా సైట్లు బ్లాక్ చేసే 69ఏ సెక్షన్‌నీ ఆ రూల్స్‌నీ ఉంచేసింది. దాని మీద వేరే ఉత్తరమే రాయొచ్చు. కేఫ్‌లో కూర్చున్న మనిషికి మాత్రం తను చూస్తున్న ఖాళీ పేజీ కోర్టు ఆర్డరా, కంపెనీ లిస్టా, ఓనర్ ఇష్టమా, నిజంగానే నెట్ పోయిందా అన్న తేడా తెలియాలి, ఎందుకంటే ఒక్కోదానికి అడగాల్సిన చోటు ఒక్కోటి.

అమెరికాలో 2000లో ఒక చట్టం వచ్చింది, ప్రభుత్వ సాయం తీసుకునే లైబ్రరీలు ఫిల్టర్ పెట్టాలని. 2003లో సుప్రీంకోర్టు దాన్ని 6-3తో సమర్థించింది, అయితే ఆ తీర్పు నిలబడటానికి ఒక పెద్ద కారణం ఏంటంటే పెద్దవాళ్ళు ఎవరైనా అడిగితే లైబ్రేరియన్ ఆ ఫిల్టర్ తీసేయొచ్చు, అడిగినవాళ్ళు కారణం చెప్పక్కర్లేదు అని ప్రభుత్వం తరఫు లాయర్ కోర్టులో హామీ ఇచ్చాడు. కారణం చెప్పక్కర్లేదు అన్నది చాలా ముఖ్యం. ఒక అమ్మాయి కౌంటర్ దగ్గర నలుగురు వింటుండగా నాకు ఫలానా జబ్బు గురించి చదవాలి ఆ సైట్ ఓపెన్ చేయండి అని అడుగుతుందా? అడగదు, లేచి వెళ్ళిపోతుంది. ఇంట్లో కొట్టే భర్త నుంచి ఎక్కడికి పారిపోవాలో వెతుక్కునే ఆవిడ అసలే అడగదు. అంటే ఫిల్టర్ తీయమని అడిగే హక్కు కాగితం మీద ఉన్నా అడగడానికి నోరు రాని పరిస్థితి ఉంటే ఆ హక్కు లేనట్టే, కాబట్టి పెద్దవాళ్ళకి ఇచ్చే కంప్యూటర్లో తెరమీదే ఒక బటన్ ఉండాలి, నొక్కితే తెరుచుకోవాలి, ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా. పిల్లలకి వేరే కంప్యూటర్లు పెట్టి వాటికి గట్టి ఫిల్టర్ పెట్టుకోండి, పిల్లల మీద హింసతో తీసిన బొమ్మల్లాంటి చట్టవిరుద్ధమైనవి అన్నిటిలోనూ ఆపండి, దానికెవరూ అడ్డు చెప్పరు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఆపిన ప్రతి పేజీ మీద ఇది ఆపబడింది, ఫలానా రకం కింద, ఫలానావాళ్ళు ఆపారు, తప్పనిపిస్తే ఇక్కడ చెప్పండి అని జనం చదవగలిగే భాషలో నాలుగు లైన్లు ఉండాలి. సర్టిఫికెట్ ఎక్కించి లోపల చూస్తుంటే కూర్చోకముందే ఆ సంగతి తెరమీద కనిపించాలి, బ్యాంకు సైట్లనీ ఆస్పత్రి సైట్లనీ అలా విప్పడం పూర్తిగా మానేయాలి. చాలా ఫిల్టర్లలో బ్లాక్ పేజీ మీద మనక్కావాల్సింది రాసుకునే సౌకర్యం ఇప్పటికే ఉంది, సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చుకోవడమే, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. కేఫులకి లైసెన్సులిచ్చే అధికారులు ఏ బోర్డు పెట్టాలో, కుర్చీల మధ్య అడ్డుగోడ ఎంత ఎత్తుండాలో కూడా రాస్తారు, ఈ నాలుగు లైన్లు కూడా అందులో చేర్చమని మీ విలేకరులు వాళ్ళని అడిగి, వాళ్ళేమన్నారో పేపర్లో వేయమని మనవి.

ఇట్లు
మీ పాఠకుడు