ఓపెన్‌కాస్టు నక్షాలోనే ఆటస్థలానికి చోటుండాలి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి లోయ బొగ్గు ప్రాంతంలో తవ్వకం ముగిసిన, త్వరలో ముగియబోతున్న ఓపెన్‌కాస్టు (నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే) గనుల భూమిని పిల్లల ఆటలకూ, కుటుంబాల విహారానికీ పనికొచ్చేలా తీర్చిదిద్దాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. అయితే ఆ పని గని మూతపడ్డాక తీరిగ్గా ఆలోచించేది కాదనీ, యంత్రాలు ఇంకా గనిలో ఉండగానే మొదలు కావలసినదనీ మీ పత్రిక ద్వారా విన్నవించుకోదలిచాను. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో పనిచేసి ఓవర్‌మన్‌గా (గని పని పర్యవేక్షకుడిగా) విరమణ పొందిన నాకు, కదిలించిన నేల మళ్లీ కుదురుకోవడానికి ఎంత కాలం తీసుకుంటుందో కొంత తెలుసు.

1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ బొగ్గు జాడ కనుగొన్నారు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు సింగరేణి అంటే భూగర్భ గనులే. కింద మేము బొగ్గు తీస్తుంటే పైన చేలు పండేవి, బడి గంట మోగేది. కొన్నిచోట్ల నేల కుంగిన మాట నిజమే అయినా ఊరు ఊరుగానే ఉండేది. 1975లో ఓపెన్‌కాస్టు పద్ధతి వచ్చాక నేల పైపొర మొత్తం లేచిపోవడం మొదలైంది. చేనుతో పాటు పశువులు మేసే బీడు, పిల్లలు కబడ్డీ ఆడే ఖాళీ జాగా, బతుకమ్మలు ఓలలాడే చెరువుగట్టు కూడా పోతాయి. పరిహారం లెక్క కట్టేటప్పుడు ఇంటికీ, బావికీ, మామిడి చెట్టుకూ ధర రాస్తారు కానీ, అందరిదీ అయిన ఆ ఖాళీ జాగా ఎవరి పద్దులోకీ రాదు. అందువల్ల ఆటస్థలం ఇవ్వడాన్ని దానంగా కాక, పోయినదాన్ని తిరిగి ఇవ్వడంగా చూడాలని నా అభిప్రాయం.

మా కాలనీ వెనుక ఒక పాత మట్టి గుట్ట పాదం దగ్గర పిల్లలు సొంతంగా వాలీబాల్ కోర్టు వేసుకున్నారు. రెండు వెదురు బొంగులు పాతి, చిరిగిన చేపల వల కట్టి, సున్నంతో గీతలు గీశారు. తొలి వానాకాలానికే కోర్టులో ఒక మూల జానెడు లోతు కుంగింది. తట్టలతో మట్టి మోసి సరిచేసుకున్నారు; మరుసటి ఏడు సరిగ్గా అదే మూల మళ్లీ కుంగింది. బొగ్గు పైనున్న పొరలను తవ్వి డంపర్లు తెచ్చి పోసిన మట్టిలో (దీన్నే ఓబీ అంటాం) ఇసుకరాయి బండలు, బంకమట్టి కలగలిసి ఉంటాయి, వాటి మధ్య ఖాళీలు ఉంటాయి. వాన నీరు దిగిన కొద్దీ ఆ ఖాళీలు పూడుకుంటూ నేల ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. కాబట్టి అటువంటి నేల మీద తొందరపడి ప్రేక్షకులు కూర్చునే కాంక్రీటు గ్యాలరీలు కడితే బీటలు వారక తప్పదు. గదులు, గ్యాలరీలు తవ్వని అంచు నేల మీద కట్టి, పోసిన మట్టి మీద గడ్డి మైదానాలూ నడకదారులూ వేసి, కుంగుడు ఆగిందని కొలిచి తేల్చుకున్నాకే మిగతా కట్టడాల గురించి ఆలోచించాలి.

నీటి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఓపెన్‌కాస్టును మెట్లు మెట్లుగా తవ్వుతారు. నీటిని తోడే పంపులు ఆగి గుంతలో నీరు నిండాక ఆ మెట్లు పైకి కనబడవు. ఒడ్డున మోకాలి లోతే అనుకుని నిలబడ్డవాడు ఒక్క అడుగు ముందుకు వేస్తే నిలువెత్తు దాటిన లోతులో పడతాడు. క్వారీ గుంతల్లో ఈతకు దిగి పిల్లలు చనిపోయారన్న వార్త చదవకుండా మనకు ఒక్క వేసవీ గడవడం లేదు. కంచె వేసి హెచ్చరిక బోర్డు పెట్టినంత మాత్రాన ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండేళ్ల పిల్లవాడు ఆగడు. నీరు చేరకముందే ఒడ్డును వాలుగా కోసి, లోతు క్రమంగా పెరిగేలా చదును చేయాలి. తవ్వే షావెళ్లు, చదును చేసే డోజర్లు గనిలో ఉన్నప్పుడు ఇది వారాల పని. అవి వేరే గనికి తరలిపోయాక దీనికి మళ్లీ టెండరు పిలవాలి.

ఈ విషయంలో తూర్పు జర్మనీ అనుభవం మనకు పాఠంగా ఉంది. లుసేషియా లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) ప్రాంతంలో ఒక పాత గనిని 1967 నుంచి 1972 వరకు నీటితో నింపి జెన్‌ఫ్‌టెన్‌బర్గ్ సరస్సుగా మార్చారు, 1973లో ఇసుక ఒడ్డుతో జనానికి తెరిచారు. నేడు అక్కడ పడవలు నడుస్తున్నాయి, సరస్సుల చుట్టూ సైకిల్ దారులున్నాయి. దగ్గరలోనే పాత గని నేల మీద మోటారు పందేల ట్రాక్ కూడా ఉంది. కానీ జర్మనీలోనే, మరో ప్రాంతంలోని నాఖ్‌టర్‌ష్టెట్ అనే ఊళ్లో 2009 జులైలో గని సరస్సు ఒడ్డు ఒక్కసారిగా జారి, ఇళ్లతో సహా నీళ్లలో కలిసిపోయింది. ముగ్గురు మరణించారు. ఆ తర్వాత ఆ సరస్సును ఏళ్ల తరబడి జనానికి మూసి ఉంచారు. రాళ్లలోని గంధకం వల్ల నీరు ఆమ్లంగా మారితే పడవల మీద తిరుగుతూ సున్నం చల్లవలసి వస్తున్న సరస్సులూ అక్కడ ఉన్నాయి. ఒడ్డు పటుత్వమూ నీటి పరీక్షలూ తేలకుండా పడవల పోటీలు ప్రకటించకూడదని నేను అనడానికి కారణం ఇదే.

అంత దూరం వెళ్లనక్కరలేదు. పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో, సూరజ్‌పూర్ జిల్లా కేనాపారాలో, బిశ్రాంపూర్ పాత ఓపెన్‌కాస్టు గుంతను విహార స్థలంగా మార్చారు. పడవ షికారుతో పాటు వలల పంజరాల్లో చేపల పెంపకం సాగుతోంది, స్థానికులకు ఉపాధి దొరికింది. మన అధికారులూ కార్మిక సంఘాల నాయకులూ ఒకసారి అక్కడికి వెళ్లి చూసి రావాలి.

డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009 నుంచి ఇస్తూ వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి. 2009 నాటి ధరల్లోనే ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష రూపాయలుగా లెక్క కట్టారు; ఈ నిధిని గని బతికున్నన్నాళ్లూ ఏటేటా ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే విడిగా ఉంచే ఖాతాలో) జమ చేస్తూ రావాలి. అడవి నుంచి తీసుకున్న భూమి తిరిగి అటవీ శాఖకే చేరాలి కనుక దాని జోలికి పోవద్దు, అక్కడ చెట్లే పెరగాలి. కొన్నదీ సేకరించినదీ అయిన పట్టా భూమిలోనే ఆటస్థలం అడుగుతున్నాం. అదీ కాలనీకి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. నాలుగైదు కిలోమీటర్ల అవతల, దీపం లేని మట్టి గుట్టల దారి చివర మైదానం వేస్తే సాయంత్రం బడి విడిచాక ఆడపిల్లలెవరూ అక్కడికి వెళ్లలేరు. దుమ్ములో బతుకంతా గడిపి, ఊపిరి చాలక, మోకాళ్లు అరిగిన నాబోటి వాళ్లకు చదునైన నడకదారి ఒక్కటి దొరికినా పెద్ద మేలే.

కొత్త గనికైనా, విస్తరణకైనా సాధారణంగా కలెక్టరు సమక్షంలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. అక్కడ మనవాళ్లు ఉద్యోగాలూ పరిహారమూ అడుగుతారు, అవి అడగవలసినవే. వాటితో పాటు, గని మూతపడిన నాటికి ఈ నేల ఎలా ఉంటుందో చూపే నక్షాను తెలుగులో, గ్రామ పంచాయతీ గోడ మీద, సామాన్యుడు చదవగలిగే సైజులో అతికించమని అడగాలని యువకులను కోరుతున్నాను. పైమట్టి ఎక్కడ విడిగా దాస్తున్నారో, నీటి ఒడ్డు ఏ వైపు వాలుగా కోస్తారో, తవ్వకుండా వదిలే అంచులో ఆటలకు ఎన్ని ఎకరాలో ఆ నక్షాలో గుర్తించి ఉండాలి. ఆ మూడూ రాతపూర్వకంగా సభ మినిట్సులోకి ఎక్కించాలని జిల్లా యంత్రాంగానికి నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఓవర్‌మన్,
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా.