పెద్ద ఫ్యూజు వేయమని ఎలా రాశారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత పిన్‌బాల్ మిషన్ల (వాలు బల్ల మీద బంతిని కొడుతూ ఆడే ఆట మిషన్ల) రిపేరు మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి సంగతులు తెలుగులో రాసేవాళ్లే తక్కువ కాబట్టి ముందు సంతోషపడ్డాను, కానీ చివరికొచ్చేసరికి రెండు సలహాలు చూసి టెన్షన్ మొదలైంది. పోయిన పార్టు అదే నంబరులో దొరక్కపోతే దానికన్నా పెద్ద రేటింగుది ఏదైనా వేసేయొచ్చని ఒకటి, ఫ్యూజు మాటిమాటికీ ఎగిరిపోతుంటే కొంచెం ఎక్కువ ఆంపియర్లది పెట్టి చూడమని ఇంకొకటి. మొదటిది సగం నిజం. రెండోదాని సంగతి చివర్లో చెబుతాను.

పెద్దది వేస్తే పోలా అనే ధీమా ఒకప్పుడు నాకూ ఉండేది. నేను మొదటిసారి విప్పిన మిషన్లో ఒక పాప్ బంపర్, అంటే బంతి తగలగానే రింగు కిందికి గుంజి దాన్ని విసిరికొట్టే గుండ్రటి బొడిపె, స్విచ్ వేయగానే కిందికి దిగి అక్కడే బిగుసుకుపోయేది. బోర్డు మీద దానికి కరెంటు ఇచ్చీ ఆపీ నడిపే స్విచ్ లాంటి పార్టు, అంటే ట్రాన్సిస్టర్, టిప్ 122 రకం. మీటరు పెడితే కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ, అంటే కరెంటు వచ్చే కాలికీ పోయే కాలికీ మధ్య బీప్‌మంది, షార్ట్. కొత్తది వేశాను, రెండు ఆటలు ఆడేలోగా అదీ పోయింది. సరే, గట్టిది వేద్దామని టిప్ 102 తెచ్చాను. 122 ఐదు ఆంపియర్లది, 102 ఎనిమిది ఆంపియర్లది, కాళ్ల వరస ఒకటే, రెండూ 100 వోల్టులవే. ఒకదాని బదులు ఇంకోటి వేయడం రిపేరు చేసేవాళ్లకు మామూలే, అందులో తప్పు లేదు. కానీ అదీ పోయింది. అప్పుడు గానీ ఆటబల్ల పైకెత్తి కింద బంపర్‌ని గుంజే తీగచుట్ట, అంటే కాయిల్ వైపు చూడాలన్న బుద్ధి పుట్టలేదు. కాయిల్ రెండు కొనల మీద బియ్యపు గింజకన్నా కాస్త పెద్దగా కరెంటుని ఒక్క వైపుకే పోనిచ్చే ఒక నల్లటి డయోడ్ ఉంటుంది, 1ఎన్4004 రకం. పైనుంచి చూస్తే శుభ్రంగా ఉంది. గోటితో కదిపితే ఒక కాలు టంకం దగ్గర తెగిపోయి ఊగుతోంది.

అసలు జరిగిందేంటంటే, కాయిల్‌కి కరెంటు ఆపగానే అందులో నిలవున్న శక్తి ఎటోకటు పోవాలి, దారి లేకపోతే అది వందల వోల్టుల పోటుగా తిరగబడుతుంది. ఆ దారే డయోడ్. అది తెగితే ఆ పోటంతా ట్రాన్సిస్టర్ నెత్తిన పడుతుంది. దెబ్బ వోల్టుల వైపు నుంచి వస్తుంటే నేను ఆంపియర్లు పెంచుకుంటూ కూర్చున్నాను. డయోడ్ మార్చాక అదే టిప్ 102 ఇప్పటికీ నడుస్తోంది. డయోడ్‌లో మాత్రం పెద్దది వేయొచ్చు, 4004 బదులు 4007 వేస్తే 400 వోల్టుల బదులు 1000 తట్టుకుంటుంది, ఆంపియర్ ఒక్కటే రెండిటికీ. డయోడ్ మీద గీత ఉన్న వైపు సప్లై వైరుకే రావాలి. తిప్పి వేస్తే కాయిల్ మొదటిసారి కొట్టేటప్పుడే ట్రాన్సిస్టర్ మళ్లీ పోయేది ఖాయం. (కొన్ని మిషన్లలో ఈ డయోడ్ కాయిల్ మీద కాకుండా బోర్డు మీదే ఉంటుంది, అక్కడ వెతకండి.)

అలాగే పెద్ద ట్రాన్సిస్టర్ షార్ట్ అయినప్పుడు దాని ముందున్న చిన్న ట్రాన్సిస్టర్‌నీ, దానికీ ముందున్న చిప్‌నీ లాగేసుకుని పోతుంటుంది. చాలాసేపు బిగుసుకుపోయిన కాయిల్ లోపల వార్నిష్ కాలి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, నిరోధం పడిపోతుంది, అలాంటి కాయిల్‌కి ఎంత మంచి ట్రాన్సిస్టర్ పెట్టినా దండగే. కొత్తది టంకం పెట్టేముందు కాయిల్ ఓమ్‌లు చూడండి, అదే రకం కాయిల్ పక్కన ఇంకోటి ఉంటే దానితో పోల్చండి, అంతే.

కాయిళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. విలియమ్స్ కంపెనీ మిషన్లలో కాయిల్ మీద ఏఈ-23-800, ఏఈ-26-1200 అని ఉంటుంది. మధ్య అంకె తీగ గేజి, చివరిది చుట్ల సంఖ్య. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. బంతి గట్టిగా కొట్టట్లేదని 26-1200 తీసి 23-800 పెట్టేవాళ్లున్నారు. లావు తీగ, తక్కువ చుట్లు, నిరోధం సగానికన్నా కిందికి, కరెంటు రెట్టింపుకన్నా పైకి. బంతి బలంగానే ఎగురుతుంది, కొన్నాళ్లు. బలహీనంగా కొడుతోందంటే చాలాసార్లు కారణం కాయిల్ కానే కాదు, కాయిల్ లోపల అరిగిపోయిన గొట్టం, అంటే స్లీవో మురికి పట్టిన స్విచ్చో అయి ఉంటుంది.

కరెంటుని కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లలో పెద్దది అంటే ఏది పెద్దది? వోల్టులు ఎక్కువుంటే నష్టం లేదు. మైక్రోఫారడ్లు, అంటే నిలవ ఉంచే సామర్థ్యం, దాదాపు అంతే ఉంచాలి. పాత బాలీ కంపెనీ బోర్డుల్లో 11,700 మైక్రోఫారడ్లు ఉన్నచోట 15,000 వేయడం అందరూ చేసేదే, అంతవరకూ ఫర్వాలేదు. ఎలాగూ పెట్టేదే కదా అని రెండు మూడు రెట్లు పెట్టారనుకోండి, స్విచ్ వేసిన ప్రతిసారీ అది నిండేదాకా లాగే కరెంటంతా ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ మోయాలి. 105 డిగ్రీల వేడి తట్టుకునేది తీసుకోండి, 85 వద్దు.

చిప్‌ల దగ్గర ఈక్వలెంట్ అనే మాట చేసే మోసం ఇంకా ఎక్కువ. 74ఎల్ఎస్ రకం చిప్ దొరకలేదని అదే అంకెతో 74హెచ్‌సీ రకం వేస్తారు, కాళ్లు సరిపోతాయి, సాకెట్లో కూర్చుంటుంది, ఆట మొదలవుతుంది కూడా. కానీ ఎల్ఎస్ చిప్ హై (అంటే ఆన్ సంకేతం) అన్నప్పుడు 2.7 వోల్టులు ఇస్తానని మాత్రమే హామీ ఇస్తుంది, 5 వోల్టుల మీద నడిచే హెచ్‌సీకి హై అనిపించాలంటే 3.5 దాకా కావాలి. మధ్యలో ఉన్నది ఎటు లెక్కవుతుందో దాని ఇష్టం. అందుకే మూడు రోజులు బాగా ఆడి నాలుగో రోజు ఎవరూ ముట్టుకోకుండానే ఫ్లాష్ ల్యాంపులు వెలగడం లాంటి దెయ్యం పనులు మొదలవుతాయి. హెచ్‌సీటీ అని టీ ఉన్నది వేయండి, అది 2 వోల్టులకే హై అని ఒప్పుకుంటుంది. మాస్‌ఫెట్‌లదీ (ఇవీ ఒకరకం ట్రాన్సిస్టర్లే) ఇదే గొడవ. ఐఆర్ఎల్ 540, ఐఆర్ఎఫ్ 540, ఒక్క అక్షరమే తేడా. ఎల్ ఉన్నది గేటుకి, అంటే దాన్ని తెరిచే కాలికి, 5 వోల్టులు ఇస్తే పూర్తిగా తెరుచుకుంటుంది, ఎఫ్ ఉన్నదానికి 10 కావాలి, 5 ఇస్తే సగం సగం తెరుచుకుని కాలిపోయేంత వేడెక్కుతుంది.

బల్బుల్లో మీ వ్యాసం సలహాకి పూర్తిగా ఎదురు. 44 నంబరు బల్బు 250 మిల్లీఆంపియర్లు లాగుతుంది, 47 నంబరుది 150. రెండూ 6.3 వోల్టులవే. కాంతి కాస్త తగ్గినా 47 వేస్తేనే కనెక్టర్లు బతుకుతాయి. పాత మిషన్ వెనక తలుపు తీసి లైట్ల కనెక్టర్ చూడండి, తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి పెళుసుబారి ఉంటుంది. అది ఏళ్ల తరబడి వేడెక్కిన గుర్తు.

ఇక ఫ్యూజు. అది కాపాడేది ట్రాన్స్‌ఫార్మర్‌నీ వైర్లనీ, వాటి కొలతని బట్టే ఆ ఆంపియర్లు రాసి ఉంటాయి. పెద్దది పెట్టగానే మీ షార్ట్ ఎక్కడికీ పోదు, చెక్క పెట్టె లోపల వైర్లే ఫ్యూజు పని చేస్తాయి. స్లో బ్లో (క్షణం పాటు ఎక్కువ కరెంటుని ఓర్చుకునేది) అని రాసినచోట ఫాస్ట్ (వెంటనే ఎగిరేది) వేసినా ఊరికే ఎగిరిపోవచ్చు, ముందు అదొకటి చూసుకోండి. తర్వాత ప్లగ్ పీకి కాయిళ్లకు వెళ్లే కనెక్టర్ ఊడదీసి, సరైన ఫ్యూజు వేసి ఆన్ చేయండి. అప్పుడూ ఎగిరితే బ్రిడ్జ్ రెక్టిఫయర్ షార్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఎగరకపోతే తప్పు ట్రాన్సిస్టర్ల వైపో కాయిళ్ల వైపో ఉంది. పది నిమిషాల పని. డిస్‌ప్లే వైర్ల జోలికి మాత్రం చేతులు పోనీయకండి, పాత మిషన్లలో అక్కడ వంద వోల్టులు దాటే ఉంటుంది.

ఆ వ్యాసం రాసినవారి మీద నాకు కోపం లేదు. కానీ ఫ్యూజు గురించిన ఆ ఒక్క సలహా తప్పని రేపో ఎల్లుండో అదే పేజీలో నాలుగు లైన్లు వేయండి. అది చదివి ఈపాటికి ఎవరో ఒకరు మిషన్ వెనక తలుపు తీసే ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు