అక్కా, ఆ పచ్చ ఫొటో సంగతి

అక్కా,

అందరూ బావున్నారా? నేను బానే ఉన్నా, పగలంతా ల్యాబ్‌లో లైట్లార్పేసిన మైక్రోస్కోప్ రూమ్‌లోనే. నేను పంపిన కణాల ఫొటోలో పచ్చగా మెరిసేదంతా కాల్షియమేనా అని అడిగావ్ కదా, ఫోన్‌లో చెప్తే సగంలో వదిలేస్తావని రాస్తున్నా. మెరిసేది కాల్షియం కాదక్కా, దాన్ని పట్టుకున్న డై, అంటే వెలుగిచ్చే రంగు పదార్థం, ఫ్లూఓ-4 అంటారు. పచ్చ రంగు కూడా సాఫ్ట్‌వేర్ పూసిందే, మా కెమెరా తీసేది నలుపు తెలుపే. మామూలప్పుడు ఆ డైలోని నైట్రోజన్ ఎలక్ట్రాన్లు వెలుగుని మింగేస్తుంటాయి, కాల్షియం వచ్చి కూర్చుందంటే అవి దానికి కట్టుబడిపోతాయి, ఇక డై వెలుగుద్ది.

అసలు తమాషా డైని కణంలోకి పంపడంలో ఉంది. కాల్షియాన్ని పట్టే కొసలకి నెగిటివ్ చార్జి ఉంటది, చార్జి ఉంటే కణం పొర దాటలేదు. అందుకని ఆ చార్జిని కప్పేలా వాటికి ఎస్టర్ అనే రసాయన ముసుగులు తొడుగుతారు, ముసుగుతో లోపలికి జారిపోద్ది, అక్కడ ఎంజైములు ముసుగు ఊడబీకేస్తాయి, ఇక బయటికి రావడం కష్టం. 1981లో రోజర్ చెన్ అనే సైంటిస్టు చూపించిన ఉపాయం ఇది, 2008లో ఇంకో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ కూడా వచ్చింది, కానీ అది పచ్చగా వెలిగే జెల్లీఫిష్ ప్రొటీన్ పనికి. హీలా కణాల (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) మీద కాస్త హిస్టమిన్ అనే రసాయనం వేస్తే చూడాలి, ఒకటి వెలిగి ఆరేలోపు పక్కది వెలుగుద్ది, ఆరింది మళ్ళీ వెలుగుద్ది, కళ్ళు తిప్పుకోలేం.

కానీ వెలుగుని నమ్మకూడదు. కణం లావుగా ఉన్నా, డై ఎక్కువ దూరినా కాంతి పెరుగుద్ది. అందుకే లెక్క కావాలంటే ఫ్యూరా-2 అనే ఇంకో డై వాడతాం, 1985 నాటిది, 340, 380 నానోమీటర్ల కాంతి మార్చి మార్చి వేస్తాం, కాల్షియం పెరిగితే మొదటిదాంతో డై ఇచ్చే వెలుగు పెరిగి రెండోదాంతో వచ్చేది తగ్గుద్ది, నిష్పత్తి తీస్తే డై ఎంతుందన్న గొడవ చాలావరకు పోద్ది. కణంలో కాల్షియం గాఢత 100 నానోమోలార్ దగ్గర్లో, బయట దానికి దాదాపు 10,000 రెట్లు, అంత తేడా.

ఇంకో చిక్కు, ఫ్యూరా-2 కాల్షియం కన్నా జింక్‌ని గట్టిగా పట్టుకుంటది. అనుమానమొస్తే టీపెన్ అనే రసాయనం వేస్తాం, అది జింక్‌ని లాగేసి కాల్షియం జోలికి పెద్దగా పోదు, దాంతో సిగ్నల్ పడిపోయిందంటే మనం చూసింది జింకే. ఈ పరీక్ష చెయ్యకుండా మెరిసే బొమ్మలు పెట్టేసే పేపర్లు చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. రాగి, ఇనుముతో ఇంకా తిప్పలు, అవి చాలా డైల్ని ఆర్పేస్తాయి, చీకటైతే లోహం వల్లో, లేజర్‌కి డై మాడిపోయో తేల్చుకోలేం.

నీకు టైముంటే జింక్ స్పార్క్ వీడియోలు వెతుకు, ఫలదీకరణ కాగానే అండం జింక్‌ని బయటికి చిమ్ముద్ది, ఎలుకల్లో 2011లో చూశారు. చూసి ఫోన్ చెయ్, నీ డౌట్లన్నీ ఒకేసారి అడుగు.

నీ తమ్ముడు