ట్యాంకర్ డబ్బులు, మనుషుల లెక్క

అందరికీ నమస్కారం. నిన్న నీళ్ల ట్యాంకర్ డబ్బులు ఇంటికింత అని పంచాలా, మనుషుల్ని బట్టి పంచాలా అని మాటామాటా వచ్చింది కదా, అందుకే రాస్తున్నా.

మన కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ అడ్రసుల్లో ఇంకా ఎల్ఐజీ, ఎంఐజీ అనే రాస్తాం. అంటే తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం. కాలనీ కట్టిన నాటి లెక్క అది. 1998లో ఐటీ ఆఫీసుల సైబర్ టవర్స్, 2017లో మెట్రో వచ్చాక ఆ పేర్లకీ జీతాలకీ పొంతనే లేదు. మా ఎదురు ఎల్ఐజీ ఇల్లు ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టల్. మెట్ల దగ్గర చెప్పులే ముప్పై జతలుంటాయి. దాని పక్కనే అంతే స్థలంలో పెన్షన్ మీద బతికే పెద్దాయన, ఆయన భార్య. రెండిళ్లకీ ట్యాంకర్ వాటా ఒకటే అంటే ఎలా?

జనాభా లెక్కలు చూసి పంచుదామంటే మన చేతిలో ఉన్నవి 2011వి. పైగా వాటిలో ఆదాయం అడగరు. టీవీ, స్కూటర్, కారు ఉన్నాయా అంటారు, అంతే. (కారు ఈఎంఐలో ఉందని కూడా రాసుకోమంటుంది మా ఆవిడ.)

ఆదివారం లోపు ప్రతి ఇంట్లో, అద్దెకున్నవాళ్లతో సహా, ఎంతమంది ఉంటున్నారో ఇక్కడే పెట్టండి. జీతాలు ఎవరూ చెప్పక్కర్లేదు. హాస్టల్ ఓనర్లు మంచాల లెక్క ఇస్తే చాలు.