కోర్సు పక్కన నాలుగు తెలుగు ముక్కలు రాయండి

సంపాదకులకు,

అయ్యా,

నేను తిరుపతి కోర్లగుంటలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. డిగ్రీ వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీ, కోర్సు ఎంచుకోవడం) మొదలయ్యాయంటే ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల వెనక నిలబడిన అమ్మానాన్నలు అడిగేది ఒకటే: "అన్నా, ఏది పెడితే బాగుంటుంది?" ప్రింటుకు డబ్బులు తీసుకునేవాడు ఒక పిల్లవాడి చదువును నిర్ణయించకూడదు. కానీ అడగడానికి వాళ్లకు ఇంకెవరూ కనబడరు.

"కంప్యూటర్ కోర్సు పెట్టండి" అంటారు. బీఎస్సీ కంప్యూటర్ సైన్స్, బీసీఏ, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ మూడూ తెరమీద ఉంటాయి. పేరులో కంప్యూటర్ ఉంది కాబట్టి మూడూ ఒకటే అనుకుంటారు. బీకాంలో అసలు చదువు అకౌంట్లు, వాణిజ్యం. కంప్యూటర్ దానికి తోడు. బీసీఏలో ప్రోగ్రామింగే ప్రధానం; 2024-25 నుంచి దాన్నీ, బీబీఏనూ సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ పరిధిలోకి తెచ్చారు. రేపు ఎంసీఏ చేయాలనుకుంటే, బీసీఏ కాకుండా వేరే డిగ్రీ చదివినవాళ్లను ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం ఉందా అని కొన్నిచోట్ల అడగవచ్చు. సీఈసీ చదివి బీకాంలో చేరుతున్న అమ్మాయికి ఈ సంగతి ముందే ఎవరు చెప్పాలి?

బీఎస్సీతో వచ్చే గందరగోళం ఇంకా పెద్దది. పాకాల నుంచో చంద్రగిరి నుంచో బైపీసీ పిల్లలు వచ్చి బీఎస్సీ అగ్రికల్చర్ పెట్టమంటారు. ఎస్వీ వ్యవసాయ కళాశాల మన ఊళ్లోనే ఉంది, ఆశ సహజమే. కానీ అది నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ. ఈఏపీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి తెచ్చుకునే సీటు. మామూలు డిగ్రీ ఆప్షన్లలో ఎంత వెతికినా ఉండదు, సెట్‌కు దరఖాస్తు గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఇది చెప్పేటప్పుడు ఆ పిల్లల ముఖం చూడలేం. నర్సింగ్ బీఎస్సీ కూడా నాలుగేళ్లదే, దాని దారి వేరు. పశువైద్యం ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. యేర్పేడు దగ్గరున్న కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ ఐదేళ్లు, దానికి వాళ్ల ఆప్టిట్యూడ్ టెస్టు రాయాలి. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రి అనే డిగ్రీ ఉందనీ, అది బీఏతో సమానమనీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ), 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరి సంగతి ఇది!

ఇక మూడేళ్లా, నాలుగేళ్లా అన్న టెన్షన్. మూడేళ్లకు ఆపేస్తే డిగ్రీ చెల్లదని ఎవరో చెప్పారంటారు. అది తప్పు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 120 క్రెడిట్లతో మూడేళ్లు ముగిస్తే అది పూర్తి డిగ్రీయే. నాలుగో ఏడాదీ చదివి 160 క్రెడిట్లు తెచ్చుకుంటే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్లు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. నాలుగేళ్లు చదివినవారికి పీజీ ఏడాదిలో ముగిసే వీలూ ఉంది. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు ఇది మేలే. ఇంటికి త్వరగా సంపాదన కావాల్సిన పిల్లవాడికి మాత్రం మూడేళ్లు చాలు. గ్రూప్స్‌లో చాలా పోస్టులకు, బ్యాంకు క్లర్కు, పీఓ పరీక్షలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇది తెలియకనే అప్పు చేసి ఇష్టంలేని బీటెక్‌లో చేర్చి, చివరికి బ్యాంకు కోచింగ్‌కు పంపుతున్నారు.

2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి తెచ్చారు. అంతకుముందు బీఎస్సీ అంటే మూడు సబ్జెక్టులు. డిగ్రీ అయ్యాక ఏదో ఒక దాంట్లో పీజీకి వెళ్లేవారు. మేజర్ ఒకటే అయ్యేసరికి ఆ నిర్ణయం పదిహేడేళ్ల వయసులో, కరెంటు పోతుందేమోనని భయపడుతూ, మా సెంటర్‌లో జరిగిపోసాగింది. పద్ధతి మారినప్పుడల్లా ఉత్తర్వు కాలేజీలకు వెళ్తోంది కానీ ఇళ్లకు చేరడం లేదు. ఇళ్లకు చేరేవి కాలేజీల ప్రచార బ్యానర్లే. వాటిలో డిప్లొమాకు, డిగ్రీకి తేడా వెతుక్కోవాలి. యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు అధికారమిచ్చిన సంస్థలకే ఉందని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

ఉన్నత విద్యా మండలి దీనికి పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. పోర్టల్‌లో ప్రతి కోర్సు పక్కన అది ఎన్నేళ్లు, మేజర్ ఏది, తరువాత ఏ పీజీలకు వెళ్లవచ్చు అని తెలుగులో రాయాలి. ఆ పోర్టల్‌లో లేని అగ్రికల్చర్, నర్సింగ్ వంటివాటికి ఏ పరీక్ష రాయాలో కూడా అక్కడే చెప్పాలి. హెల్ప్‌లైన్ కేంద్రాల్లో సర్టిఫికెట్లు చూసేవాళ్లతోపాటు కోర్సుల గురించి విడమరచి చెప్పే అధ్యాపకులను కూర్చోబెట్టాలి. తిరుపతిలో ఎస్వీయూ, చిత్తూరులో పీవీకేఎన్ ప్రభుత్వ కళాశాల ఆ పని మొదలుపెట్టవచ్చు. జూనియర్ కాలేజీలు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడేది ఇంటర్ రెండో ఏడాది దసరా సెలవులకు ముందే కావాలి. ఫలితాలు వచ్చాక పిలిస్తే సెట్‌లకు దరఖాస్తు చేసే సమయం ఉండదు.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
కోర్లగుంట, తిరుపతి