వెంకటకి పంపితే బెంకటకి చేరాల్సిన డబ్బు

కార్క్, ఐర్లాండు
మే 17, ఆదివారం

నాన్నకి,

నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. నువ్వూ అమ్మా తమ్ముడూ కులాసా అనుకుంటాను. వారమంతా నైట్ డ్యూటీలు, ఈ రోజే సెలవు దొరికింది. ఫోనులో చెప్తే సగం విని "సర్లే, సర్లే" అంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి తమ్ముడికి పంపుతున్నాను. ప్రింటు తీయించి నీ చేతికే ఇమ్మన్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదువు.

ముందు డబ్బు సంగతి. నేను పంపిన 900 యూరోలు ఎవరూ తినెయ్యలేదు. పదకొండు రోజులు తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చాయి. కాకపోతే 868 అయి వచ్చాయి. ఆ 32 యూరోలు ఎటు పోయాయో కింద రాస్తాను. ఈలోపు సెంట్రింగు వాళ్ళకి ఇవ్వాల్సిన అడ్వాన్సు ఆగిపోయిందని, మేస్త్రీ వీధిలో కనిపిస్తే నువ్వు పక్క సందులోకి తిరిగిపోతున్నావని అమ్మ చెప్పింది. నవ్వొచ్చింది, బాధా వేసింది.

డబ్బు ఎందుకు తిరిగొచ్చిందంటే, నీ పేరు వల్ల.

నీ పాత పాస్‌బుక్ ఫొటో చూసి నేను ఫారంలో "వెంకట" అని రాశాను. బ్యాంకు కంప్యూటర్లో నువ్వు "బెంకట"వి. ఆ మధ్య కేవైసీ అని నీ ఆధార్ తీసుకున్నారు చూడు, అప్పుడు ఆధార్‌లో ఉన్న పేరే ఖాతాలోకి ఎక్కింది. ఆధార్ తీసినాయన ఒడియా ఆయన. ఒడియాలో మన "వ" "బ" అయిపోతుంది. ఆయన నోటికి ఎలా వచ్చిందో ఇంగ్లీషులో అలాగే కొట్టాడు. బజార్లో కొమ్ము పని చేసే వాళ్ళు నిన్ను "బెంకట బాబు" అని పిలిస్తే హాయిగా పలుకుతావు. నువ్వు రెండు పేర్లకీ పలుకుతావు గానీ కంప్యూటరు పలకదు. "ఈ నంబరు ఖాతా ఉంది, కానీ ఈ పేరు మనిషిది కాదు" అని డబ్బు వెనక్కి పంపేసింది. దానికి తోడు ఇక్కడి ఫారంలో ఇంటిపేరు వేరే పెట్టెలో రాయాలి. నీ ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై కూర్చుంది, "రావు" ఇంటిపేరైపోయింది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన మన పర్లాకిమిడిలో నీ పేరుకి ఈ గతి!

ఇక ఆ 32 యూరోలు. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న బండి నీకు గుర్తే కదా. ఒక స్టేషను నుంచి తర్వాతి స్టేషనుకి కబురు వెళ్ళి, "లైన్ క్లియర్" అన్నాకే బండి కదిలేదని నువ్వే చెప్పేవాడివి. దేశాల మధ్య డబ్బు పంపేటప్పుడు బ్యాంకులు వాడే స్విఫ్ట్ అంటే ఆ కబురే, డబ్బు మోసే బండి కాదు. స్విఫ్ట్ రాకముందు బ్యాంకులు టెలెక్సులో కబుర్లు పంపుకునేవి. 1973లో బెల్జియంలో ఈ సంస్థ పెట్టారు. ఇప్పుడు 200కి పైగా దేశాల బ్యాంకులు దీని మీదే మాట్లాడుకుంటాయి. కబురు ఇటు నుంచి వెళ్ళాక, డబ్బు ఖాతాల్లో సర్దుకోవాలి. నా బ్యాంకుకీ నీ బ్యాంకుకీ నేరుగా ఖాతా లేకపోతే, ఇద్దరికీ ఖాతా ఉన్న పెద్ద బ్యాంకు ఒకటి మధ్యలోకి వస్తుంది. నౌపడలో బండి మారినట్టే అనుకో. ఆ మధ్య బ్యాంకు తన కూలి తాను కోసుకుంటుంది. ఖర్చంతా పంపేవాళ్ళదే అంటే ఫారంలో "అవర్" అని పెట్టాలి, పంచుకుంటే "షా", అందుకునేవాళ్ళదే అంటే "బెన్". నేను "షా" పెట్టాను. వెళ్ళేటప్పుడు ఒక కోత, వచ్చేటప్పుడు ఇంకో కోత.

మన బ్రాంచికి స్విఫ్ట్ కోడ్ లేదన్నాడని బ్యాంకు మేనేజరు మీద కేకలు వేశావట. ఆయన అన్నది నిజమే నాన్నా. చాలా బ్రాంచీలకి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. హెడ్ ఆఫీసుదో, విదేశీ లావాదేవీలు చూసే పెద్ద బ్రాంచిదో రాసి, కింద మన బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ రాస్తారు. స్విఫ్ట్ కోడ్ 8 అక్షరాలు ఉంటుంది, బ్రాంచి కూడా చెప్పాలంటే 11. మొదటి నాలుగూ బ్యాంకు, తర్వాతి రెండూ దేశం, ఆ తర్వాతి రెండూ ఊరు. స్టేట్ బ్యాంకుది చూడు: ఎస్‌బీఐఎన్, ఐఎన్, బీబీ. ఆ బీబీ ముంబయికి గుర్తు. ఊరి పేరు మారి ఎన్నాళ్ళైనా కోడ్‌లో బాంబే వాసన పోలేదు. వీలు చూసుకుని ఆయనకి సారీ చెప్పు. వద్దనుకుంటే అమ్మ చేత అరిసెలు పంపించు.

ఐఎఫ్‌ఎస్‌సీ మన దేశం లోపల తిరగడానికి. అదీ 11 అక్షరాలే, అందుకే అందరూ ఈ రెండింటినీ కలిపేస్తారు. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, చివరి ఆరు బ్రాంచివి. మధ్యలో ఐదోది ఎప్పుడూ సున్నా. నువ్వు వాయిస్ మెసేజ్‌లో "ఓ" అన్నావు. నేనూ బుద్ధిగా ఇంగ్లీషు ఓ కొట్టాను. నాలుగుసార్లు తప్పని చూపించాక గానీ నా బుర్రకి తట్టలేదు. అదృష్టం కొద్దీ అక్కడే ఆగింది, డబ్బు కదల్లేదు. అంతకు ముందు పాత పాస్‌బుక్‌లో ఉన్నది కొడితే అసలు అలాంటి బ్రాంచే లేదంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినట్టే మన బ్యాంకు కూడా అదే రోజు ఇంకోదాంట్లో కలిసిపోయింది కదా, కోడ్‌లు మారిపోయాయి. 1936లో మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చిందీ ఏప్రిల్ 1నే. మనింటికి ఆ తేదీ అచ్చిరాదనుకుంటా.

ఇక్కడి ఫారంలో ఐబాన్ అని ఇంకో పెట్టె ఉంటుంది. యూరప్‌లో ప్రతి ఖాతాకీ ఆ నంబరు ఉంటుంది. నాది 22 అక్షరాలు: ముందు దేశం, తర్వాత రెండు తనిఖీ అంకెలు, ఆ తర్వాత బ్యాంకు, బ్రాంచి, ఖాతా. ఆ తనిఖీ అంకెల గొప్పేమిటంటే, ఒక్క అంకె తప్పు కొట్టినా అక్కడికక్కడే పట్టేసుకుంటుంది. మన దేశంలో ఐబాన్ లేదు. కాబట్టి ఎవరైనా "మీ ఐబాన్ చెప్పండి" అంటే కంగారు పడకు, ఖాతా నంబరే చెప్పు. ఖాతా నంబర్లో అంకె తప్పితే మాత్రం పట్టుకునే దిక్కు ఉండకపోవచ్చు. అందుకే నీ చేత మూడుసార్లు చదివించాను, నువ్వు మూడోసారికి విసుక్కున్నావు.

ఈసారి బ్యాంకు ద్వారా కాకుండా డబ్బు పంపే ఒక యాప్ ద్వారా పంపాను. వాళ్ళ పద్ధతి వేరు. నా యూరోలు ఇక్కడే యూరప్‌లో తీసుకుంటారు. అక్కడ మన దేశంలో వాళ్ళకున్న ఖాతా నుంచి నీకు రూపాయలు వేస్తారు. కాబట్టి స్విఫ్ట్ కోడ్ అడగలేదు, ఐఎఫ్‌ఎస్‌సీ ఒక్కటే అడిగారు. "ఫీజు లేదు" అనే ప్రకటన చూసి మోసపోకూడదని కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఫీజు తీసుకోని వాళ్ళు మారకం రేటులో లాగేస్తారు. నేనిచ్చే యూరోలకి చివరికి నీ చేతికి ఎన్ని రూపాయలు వస్తాయి, అదొక్కటే చూడాలి. మా వార్డులో కేరళ అక్క ఒకావిడ రోజూ నాలుగు యాప్‌లు పక్కపక్కన పెట్టి చూస్తుంది. పది రూపాయల తేడాకి కూడా పండగ చేసుకుంటుంది.

పాతపట్నం నుంచి వచ్చే ఆ పెద్దమనిషి, బ్యాంకు కన్నా రేటు ఎక్కువ ఇస్తాను, నోట్లే ఇంటికి తెచ్చిస్తాను అన్నాడని తమ్ముడు చెప్పాడు. వద్దు నాన్నా. అది హవాలా, చట్టానికి విరుద్ధం. రేపు ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించడానికి మన దగ్గర కాగితం ముక్క ఉండదు. బ్యాంకులో పడితే ఆ లావాదేవీకి యూటీఆర్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది, అది చూపిస్తే చాలు. ఇన్‌కమ్ ట్యాక్స్ అని భయపడుతున్నావట. కూతురు తండ్రికి ఇచ్చిన డబ్బు మీద నీకు పన్ను లేదు. దాన్ని ఫిక్స్‌డ్ వేస్తే వచ్చే వడ్డీ మాత్రం నీ ఆదాయం కింద లెక్క. శ్లాబుకి పోయే డబ్బుకి వడ్డీ ఎక్కడిదిలే. ఎందుకొచ్చిందని బ్యాంకు అడిగితే "కుటుంబ పోషణకి" అని చెప్పు. దానికీ రిజర్వ్ బ్యాంకు కోడ్ ఉంది, పీ 1301. నువ్వు రాయక్కర్లేదు, వాళ్ళే వేసుకుంటారు.

ఇంకొక్కటి. "విదేశం నుంచి డబ్బు వచ్చింది, విడిపించాలంటే ఓటీపీ చెప్పండి" అని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టెయ్. డబ్బు తీసుకోవడానికి ఓటీపీ గానీ పిన్ గానీ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. వాడు తెలుగులో మాట్లాడినా, ఒడియాలో మాట్లాడినా, బావగారూ అని పిలిచినా సరే.

ఇప్పుడు నీ కోపం సంగతి. "నేను బెంకటని కాను, ఆ పేరు మీద వచ్చే డబ్బు నాకొద్దు" అన్నావట. అమ్మ ఆ మాట చెప్తూ ఏడ్చింది. నీ స్కూలు సర్టిఫికెట్‌లో, పాన్ కార్డులో వెంకటే ఉంది. వాటిని పట్టుకెళ్ళి ఆధార్‌లో పేరు సరిచేయించుకోవచ్చు. పేరు మార్చడానికి ఆధార్‌లో రెండే అవకాశాలిస్తారు, కాబట్టి తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి అక్షరం చూసుకో. ఇంటిపేరు కూడా పూర్తిగా వేయించు. ఆధార్ వచ్చాక బ్యాంకులో మార్పించి, కొత్త పాస్‌బుక్ ప్రింటు వేయించి నాకు ఫొటో పంపు. ఇదంతా అయ్యేసరికి రథయాత్ర వచ్చేస్తుంది, వానలూ వచ్చేస్తాయి. శ్లాబు ఆగదు. అందుకని ఈ ఒక్కసారికి బెంకట పేరు మీదే పంపాను. మంగళవారం లోపు పడుతుంది. బెంకట బాబు చేత తీయించి మేస్త్రీకి ఇచ్చెయ్.

నీ ముత్తాత రంగూన్ బియ్యం మిల్లులో పనిచేస్తూ పంపిన మనియార్డరు కూపన్ నాన్నమ్మ ట్రంకు పెట్టెలో ఉండేది కదా. డబ్బు ఎంతో ఎవరికీ గుర్తు లేదు గానీ, కింద ఉన్న కాస్త జాగాలో ఆయన రాసిన రెండు మాటలు ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు: "ఆవుని అమ్మకండి." స్విఫ్ట్ ఫారంలో కూడా అలాంటి జాగా ఉంటుంది, మొత్తం కలిపి 140 అక్షరాలు. మొదటిసారి అందులో బుద్ధిమంతురాలిలా "కుటుంబ పోషణ" అని ఇంగ్లీషులో రాశాను. ఈ యాప్‌లో పెట్టె ఇంకా చిన్నది. అందులో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు మాటలు రెండు రాశాను. పాస్‌బుక్‌లో పడతాయో లేదో చూడు. పడితే మేనేజరు అర్థం అడుగుతాడు, చెప్పకు.

నీ కూతురు