షుగర్ ఏ రకమో తేల్చాకే మందు

సంపాదకులకు,

షుగర్ అంటే నడివయసు జబ్బన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. బడికెళ్లే పిల్ల అదేపనిగా నీళ్లు తాగుతూ, రాత్రిళ్లు పక్క తడుపుతూ, బాగానే తింటున్నా చిక్కిపోతుంటే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. అది టైప్ 1 కావచ్చు. శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేసే ఈ రకంలో ఇన్సులిన్ తప్ప గత్యంతరం లేదు కనుక, ఎవరో చెప్పారని దాన్ని మాన్పించి కషాయాలు పట్టిస్తే కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) వచ్చి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. టైప్ 2 సంగతి వేరు: ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు, అందుకే సాధారణంగా ఆహార నియమం, నడక, మెట్‌ఫార్మిన్ మాత్రతో చికిత్స మొదలవుతుంది.

చిక్కంతా ఈ రెంటిలో ఏ రకమో స్పష్టంగా తేలనివారితోనే. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం గాని అంతకు మించి గాని వస్తే మధుమేహం ఉందని తెలుస్తుందే గాని ఏ రకమో తెలియదు. సన్నగా ఉన్న యువకుడికి మాత్రలు పనిచేయకపోతే పథ్యం చేయడం లేదని మందలించడం (ఇది మనవాళ్లకు మహా సులువు) కంటే బీటా కణాలపై రక్షణ వ్యవస్థ దాడిని పట్టించే గ్యాడ్ యాంటీబాడీ, శరీరం సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్షలు చేయించడం మేలు. తరతరాలుగా చిన్న వయసులోనే వచ్చే జన్యుసంబంధ మధుమేహంలో కొన్ని రకాలకు ఇన్సులిన్ బదులు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించే సల్ఫోనైలూరియా మాత్ర కొద్ది మోతాదులో సరిపోతుంది.

ఈ పరీక్షలను జిల్లా ఆసుపత్రులన్నింటిలో ఉచితంగా చేయాలని ప్రభుత్వాలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కాకినాడ